రెండేళ్ల గుంటడికి టీవీలో ఏటి పెట్టాలి?

ప్రశ్న: బాబు అమ్మ, శ్రీకాకుళం

మా బాబుకి రెండేళ్ల రెండు నెలలు. ఇంట్లో 32 అంగుళాల స్మార్ట్ టీవీ, కేబుల్, వైఫై అన్నీ ఉన్నాయి. పగలంతా మా అత్తగారు చూసుకుంటారు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఇన్నాళ్లూ వాడికని టీవీ పెట్టలేదు. ఇకమీదట ఆవిడ వంట చేసుకునే వేళకి ఓ అరగంట పెడదామనుకుంటున్నాం.

యూట్యూబ్ తెరిస్తే ప్రతి వీడియో మీదా "లెర్నింగ్", "ఎడ్యుకేషనల్" అనే ఉంది. కొన్ని చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి. కేబుల్లో పిల్లల చానెళ్లు పెడితే కొట్టుకోవడాలే ఎక్కువ. ఫలానా షో పెట్టండి అని ఒక్క పేరు చెప్పి వదిలేయకండి. ఏదైనా ఒకటి చూసి, ఇది రెండేళ్లవాడికి పనికొస్తుందా రాదా అని మేమే తేల్చుకునే కొలత ఏదైనా ఉంటే చెప్పండి. తెలుగువే పెట్టాలా, ఇంగ్లీషువి పెట్టినా పర్లేదా? ఆపేటప్పుడు పేచీ పెట్టకుండా ఎలగ? టీవీలో ఏ సెట్టింగులు మార్చాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

జవాబు 1: అంగన్‌వాడీ టీచర్, రాజాం

కొలత అడిగారు కాబట్టి చింతపిక్కలతో మొదలెడదాం. నవ్వకండి, పనిచేస్తుంది.

బాబు నిద్రపోయాక గుప్పెడు చింతపిక్కలు, ఒక గిన్నె పట్టుకుని టీవీ ముందు కూర్చోండి. మీరు పెట్టాలనుకుంటున్న వీడియో తెరిచి సౌండ్ పూర్తిగా తీసేయండి. టైటిల్ పాట ఎందులోనైనా జోరుగానే ఉంటుంది, దాన్ని వదిలేసి కథ మధ్యలోకి వెళ్లండి. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి, తెర మీద బొమ్మ తెగి వేరే బొమ్మ పడ్డప్పుడల్లా ఒక పిక్క గిన్నెలో వెయ్యండి. అదే గది, అదే కుందేలు అయినా, కెమెరా దూరం నుంచి ఒక్కసారిగా దగ్గరికి దూకితే అదీ ఒక పిక్కే. కుందేలు నడుస్తుంటే వెనకాల చెట్లు మెల్లగా కదులుతుంటే మాత్రం లెక్కలోకి రాదు. నిమిషం అయ్యాక పిక్కలు లెక్కపెట్టండి. ఇలా మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి. మూడింటిలో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి.

ఎనిమిది లోపు వస్తే రెండేళ్లవాడు అందుకోగలడు. ఎనిమిదికీ పదిహేనుకీ మధ్యైతే మూడేళ్లు దాటాక చూద్దాం అని పక్కన పెట్టండి. పదిహేను దాటితే వద్దు. ఈ అంకెలు వాడుకలో పెట్టుకున్న అంచనా, డాక్టర్లు రాసిచ్చిన మోతాదు మాత్రం కాదు. రైమ్స్ వీడియోల్లో మూడు సెకన్లకొకసారి బొమ్మ మారేవి బోలెడు. వాటి దగ్గర పిక్క గిన్నెలో పడేలోపు ఇంకోటి తియ్యాలి. అలాంటిది ఒకటి కొలిస్తే చాలు, మిగతావి చూడగానే తెలిసిపోతాయి.

కారణం ఇదీ. బొమ్మ తెగినప్పుడల్లా "ఇప్పుడు ఎక్కడున్నాం, ఇందాకటి కుందేలు ఇదేనా" అని చూసేవాళ్లు మనసులో మళ్లీ కూడదీసుకోవాలి. మనకి అది రెప్పపాటు పని. రెండేళ్లవాడికి అదే పెద్ద పని, కూడదీసుకునేలోపు ఇంకో బొమ్మ వచ్చేస్తుంది. అప్పుడు వాడు కథ వదిలేసి మెరుపుల్ని చూస్తుంటాడు. నోరు తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా, పిలిచినా పలక్కుండా కూర్చుంటే మనం "ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో" అని మురిసిపోతాం. అమెరికాలో 2011లో నాలుగేళ్ల పిల్లలు 60 మందితో ఒక పరిశోధన చేశారు. కొందరికి దృశ్యం మొత్తం సగటున 11 సెకన్లకొకసారి మారే కార్టూన్, కొందరికి 34 సెకన్లకొకసారి మారేది చూపించారు, కొందరికి కాగితం, రంగులు ఇచ్చారు. (వాళ్లు లెక్కేసింది దృశ్యం మొత్తం మారడమే, మన పిక్కల లెక్కలో కెమెరా దూకడమూ కలుస్తుంది.) తొమ్మిదంటే తొమ్మిది నిమిషాలే. వెంటనే పరీక్ష పెడితే జోరు కార్టూన్ చూసినవాళ్లే ఓపిక పట్టడంలోనూ చెప్పింది గుర్తుపెట్టుకుని చెయ్యడంలోనూ వెనకబడ్డారు.

ఇంకో పరీక్ష. సౌండ్ పెట్టి, మీరు కళ్లు మూసుకుని నిమిషం వినండి. ఒకసారికి ఒక గొంతే వినిపిస్తోందా? మాట వెనకాల డప్పులు, ఈలలు, టింగు టింగులు నడుస్తున్నాయా? మాటలు ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్నవాడికి మ్యూజిక్ కింద నలిగిన మాట మాట కిందే లెక్కలేదు. మాట అయ్యాక ఒక క్షణం నిశ్శబ్దం ఉంటే ఆ షో తీసినవాళ్లకి పిల్లల సంగతి తెలుసన్నమాట.

జవాబు 2: తాతగారు, బొబ్బిలి

రెండేళ్లవాడికి టీవీ ఎందుకమ్మా అసలు? చానెళ్లు, కొలతలు, ఇంత హైరానా! వంటింటి గుమ్మం దగ్గర చాప వేసి రెండు గిన్నెలు, గుప్పెడు శనగలు ఇస్తే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోసుకుంటూ అరగంట ఆడుకుంటాడు. వేళ్లకి పని, కళ్లకి పని. మీ అత్తగారు పక్కనే ఉంటారు కూడాను.

జవాబు 3: స్పీచ్ థెరపిస్ట్, విజయనగరం

తాతగారు చెప్పిన ఆట మంచిదే, శనగలు మాత్రం వద్దండీ. నాలుగేళ్ల లోపు పిల్లలకి శనగలు, వేరుశనగ గుళ్లు, చింతపిక్కలు ఊపిరి గొట్టంలో అడ్డం పడే సైజు. శనగ అయితే లోపల నాని ఉబ్బుతుంది కూడా. వాటి బదులు చిన్న స్టీలు గ్లాసులు, మూతలు, ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఇవ్వండి. రాజాం టీచరుగారి పరీక్ష అయ్యాక కూడా పిక్కలు లెక్కపెట్టినట్టే ఏరి, డబ్బాలో పోసి, అటకెక్కించెయ్యండి.

ఆ 2011 పరిశోధన గురించి ఒక మాట చేర్చాలి. ఆ పరిశోధకులే 2015లో ఇంకా విడమర్చి చూశారు. బొమ్మలు జోరుగా మారడం కంటే, లోకంలో జరగనివి వరసగా జరుగుతుండటమే పిల్లల్ని ఎక్కువ అలసటకి గురిచేస్తోందని తేలింది. అంటే ఒకడి తల బెలూన్‌లా ఉబ్బుతుంది, కారుకి రెక్కలొస్తాయి, కింద పడ్డవాడు రేకులా చప్పబడి మళ్లీ లేచి పరిగెడతాడు, ఇలాంటివి. అందుకే పిక్కల లెక్క ఒకసారి అయ్యాక, అదే నిమిషాన్ని ఈసారి జరగని పనులు లెక్కపెడుతూ మళ్లీ చూడండి. కుందేలు మాట్లాడటం ఒక్కటే ఉంటే ఫర్వాలేదు, పిల్లలు దాన్ని ఇట్టే ఒప్పుకుంటారు. నిమిషంలో మూడు నాలుగు వింతలు వస్తుంటే బొమ్మ నెమ్మదిగా మారుతున్నా సరే పక్కన పెట్టండి.

సమయం విషయం సూటిగా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ల లోపు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మాటా దాదాపు ఇదే, రెండేళ్ల లోపు పిల్లలకి బంధువులతో వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. గంట అన్నది గరిష్ఠ పరిమితి. అందులో ఫోను, టీవీ, ట్యాబ్ అన్నీ కలిపే లెక్క. మీరనుకున్న అరగంటని 15 నిమిషాల చొప్పున రెండు ముక్కలు చేస్తే ఇంకా మేలు.

రెండేళ్లవాళ్లు టీవీ నుంచి ఎందుకు తక్కువ నేర్చుకుంటారో చెప్పే ప్రయోగం ఒకటుంది, 1998 నాటిది. పక్క గదిలో ఒకామె బొమ్మని దాస్తుంటే కొందరు పిల్లలు కిటికీలోంచి చూశారు, కొందరు అదే పనిని టీవీలో చూశారు. తర్వాత ఆ గదిలోకి వెళ్లి బొమ్మ వెతకమన్నారు. కిటికీలోంచి చూసిన రెండేళ్లవాళ్లు నేరుగా వెళ్లి తీసేశారు. టీవీలో చూసినవాళ్లలో ఎక్కువమంది వెతుక్కుంటూ ఉండిపోయారు. రెండున్నరేళ్ల వాళ్లకి టీవీలో చూసినా ఇబ్బంది లేకపోయింది. ఆ ఆర్నెల్లలోనే "తెర మీద ఉన్నదీ నా గదిలో ఉన్నదీ ఒకటే" అన్న లంకె పడుతుందన్నమాట. మీ బాబు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. ఆ లంకె మీరు వేసిపెట్టాలి. టీవీలో బాతు కనిపిస్తే సాయంత్రం చెరువు గట్టుకి తీసుకెళ్లి "ఇందాక చూశాం కదా, అదుగో బాతు" అనాలి. రైలు కనిపిస్తే ఆదివారం ఆమదాలవలస స్టేషన్. కొంగలు, పెలికాన్లు చూస్తే చలికాలంలో అవి వలసొచ్చే తేలినీలాపురం. ఇలా బయట చూపించడానికి వీల్లేనివి, అంటే అంతరిక్షం, డైనోసార్లు, మంచు కొండలు నిండిన షోలు ఇప్పుడే అక్కర్లేదు.

భాష సంగతి. ఇంట్లో మాట్లాడే భాషే ముందు. ఇంగ్లీషు రైమ్స్ చూసి రంగుల పేర్లు చెప్పేస్తున్నాడని సంతోషించేలోపు, అదే పిల్లాడు "నీళ్లు కావాలి" అనలేకపోవడం చూస్తుంటాం. తెర చెప్పే పేర్లు వల్లె వేస్తాడు గానీ, మాటతో పని చేయించుకోవడం రాదు. అది ఎదుటి మనిషి దగ్గరే వస్తుంది. రెండేళ్లు నిండేసరికి "అమ్మ రా", "పాలు ఇయ్యి" లాంటి రెండు మాటలు కలవాలి. కలవకపోతే "టీవీలో తెలుగువి పెడదాం, వచ్చేస్తాయి" అనుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తాయి. వాళ్లకి చూపిస్తే ఆపై ఎక్కడికి వెళ్లాలో రాసిస్తారు, ఖర్చు ఉండదు.

మళ్లీ బాబు అమ్మ

చాలా థ్యాంక్స్ అండీ. రెండు మాటలు కలుపుతున్నాడు, ఆ బెంగ లేదు. ఇంకో మూడు సందేహాలు. మా అత్తగారు మధ్యాహ్నం సీరియళ్లు చూస్తారు, బాబు అక్కడే ఆడుకుంటుంటాడు, చూడడు. అదీ లెక్కేనా? అన్నం తినేటప్పుడు పెడితే త్వరగా తింటాడని పక్కింటివాళ్లు అంటున్నారు. ఇంకోటి, టీవీ తెలుగు వింటే మన యాస పోయి "ఏటి" బదులు "ఏమిటి" అంటాడేమో అని మా మావగారి దిగులు.

జవాబు 4: స్పీచ్ థెరపిస్ట్, విజయనగరం

మావగారిని నిశ్చింతగా ఉండమనండి. రోజంతా చెవిలో పడేది ఇంటివాళ్ల మాటే, పావుగంట టీవీ దాన్ని కడిగెయ్యలేదు. ఆయనే పిల్లాడితో రోజూ గంట కబుర్లాడితే "ఏటి" పదిలంగా ఉంటుంది.

సీరియల్ లెక్కే. వాడు చూడకపోయినా దాని పని అది చేస్తుంది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల పిల్లలు ఆడుకుంటుండగా వెనకాల పెద్దవాళ్ల క్విజ్ కార్యక్రమం పెట్టి 2008లో గమనించారు. పిల్లలు టీవీ వైపు చూసింది కాసేపే. అయినా ఒక్కో ఆట మీద నిలిచే సమయం తగ్గిపోయింది, ఒకటి పట్టుకోవడం, వదిలెయ్యడం, ఇంకోటి పట్టుకోవడం. అదీ కాక సీరియల్ నడుస్తుంటే పెద్దవాళ్లు పిల్లాడితో మాట్లాడటం తగ్గుతుంది, అసలు నష్టం అక్కడే. అలాగని ఆవిడ సీరియల్ మానెయ్యక్కర్లేదు. బాబు మధ్యాహ్నం నిద్రపోయే గంటన్నరలోకి జరిపితే సరి, ఇప్పుడు ఎపిసోడ్లన్నీ యాప్‌లో ఎప్పుడైనా దొరుకుతున్నాయి కదా.

అన్నం దగ్గర మాత్రం ససేమిరా వద్దు. తెర చూస్తూ తినే పిల్లాడికి ఆకలి తీరిందో లేదో తెలీదు. కొందరు అవసరానికి మించి మింగేస్తారు, కొందరు ముద్ద బుగ్గన పెట్టుకుని నమలడం మర్చిపోతారు. ఆ బుగ్గన ముద్ద ఉండగా నవ్వొస్తే పొలమారుతుంది. ఒకసారి అలవాటైతే తెర లేకుండా నోరు తెరవరు, విడిపించడం చాలా కష్టం. నిద్రకి ముందు గంట కూడా తెర వద్దు.

జవాబు 5: టీవీ, కేబుల్ మెకానిక్, చీపురుపల్లి

సెట్టింగుల సంగతి నేను రాస్తాను.

ముందు సెట్టింగు కంటే స్క్రూ ముఖ్యం. 32 అంగుళాల టీవీ బల్ల మీద ఉంటే పిల్లాడు వైరు లాగినా, అంచు పట్టుకుని ఎక్కబోయినా మీద పడుతుంది. గోడకి బిగించండి. వెనక నాలుగు రంధ్రాలు ఉంటాయి, వెసా రంధ్రాలంటారు. 32 అంగుళాలకి ఎక్కువగా 200×100 లేదా 100×100 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. టేపుతో కొలిచి దానికి సరిపడే వాల్ మౌంట్ తెచ్చుకోండి. మౌంట్‌తో వచ్చిన స్క్రూ పొడవెక్కువైతే లోపల ప్యానెల్‌ని నొక్కేస్తుంది. చేత్తో తిప్పుతుంటే మధ్యలో గట్టిపడిందంటే అక్కడే ఆపి వాషర్లు వేసుకోండి. అద్దె ఇల్లు, గోడకి డ్రిల్ వద్దంటారా, టేబులు వెనక కాళ్లకీ టీవీ వెనక రంధ్రాలకీ బెల్టు వేసి బిగించి, టేబుల్ని గోడకి ఆనించండి. వైర్లన్నీ కేసింగ్ పట్టీలో పోవాలి.

రిమోట్లు చూసుకోండి. పెన్సిల్ సెల్ వేసేవాటితో అంత భయం లేదు. సౌండ్‌బార్‌కీ, సీలింగ్ ఫ్యానుకీ, రంగు లైట్లకీ వచ్చే పలచటి రిమోట్లలో రూపాయి బిళ్ల లాంటి బటన్ సెల్ ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాల్చేస్తుంది. ఆ మూత మీద టేపు చుట్టి అందని చోట పెట్టండి. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, మోషన్‌లో వస్తుందిలే అని కూర్చోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి.

తర్వాత బొమ్మ. షాపులో మెరవాలని కొన్ని కొత్త టీవీలు "వివిడ్" మోడ్‌లో వస్తాయి. "స్టాండర్డ్" చేసి బ్యాక్‌లైట్ తగ్గించండి. గదిలో లైటు వేసే చూడాలి. చాప ఆరేడు అడుగుల దూరంలో వేసి, అంచున రంగు టేపు అంటించండి, ముందుకి జరిగితే వాడికే కనిపిస్తుంది. సౌండ్ ఎంతంటే, టీవీ నడుస్తుండగా పక్కన కూర్చున్నవాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి.

ఇక యూట్యూబ్. మామూలు యూట్యూబ్ తెరిచి రిమోట్ మీ అత్తగారి చేతికి ఇవ్వొద్దు. టీవీలకి విడిగా ఉండే యూట్యూబ్ కిడ్స్ యాప్ 2024లో ఆగిపోయింది, ఇప్పుడు టీవీలోని యూట్యూబ్ యాప్‌లోనే పిల్లల ప్రొఫైల్ తెరవాలి. ఆ ప్రొఫైల్‌ని ముందు ఫోన్లో యూట్యూబ్ కిడ్స్ యాప్ వేసి సెట్ చెయ్యండి. మూలన తాళం గుర్తు నొక్కితే గుణకారం లెక్క అడుగుతుంది, అది దాటాక సెట్టింగ్స్, అందులో బాబు ప్రొఫైల్. "ప్రీస్కూల్" అంటే నాలుగేళ్లు, ఆ లోపు. అది పెట్టినా వీడియోలు వడగట్టేది ఎక్కువగా యంత్రమే. కాబట్టి దాని కింద "అప్రూవ్డ్ కంటెంట్ ఓన్లీ" ఎంచుకోండి. అప్పుడు మీరు ఒక్కొక్కటిగా టిక్ పెట్టిన వీడియోలే కనిపిస్తాయి, వెతకడం దానంతటదే బంద్ అవుతుంది. మొదటి వారానికి ఆరు వీడియోలు టిక్ పెట్టండి, చాలు. చానెల్ మొత్తానికి టిక్ పెట్టకండి, రేపు వాళ్లు ఏం ఎక్కిస్తారో మనకి తెలీదు. ఫోన్లో చూపిస్తుంటే అదే తాళం గుర్తులో టైమర్ ఉంటుంది, 15 నిమిషాలు పెడితే అవ్వగానే యాప్ తనే ఆగిపోతుంది. ఆటోప్లే ఆపెయ్యండి.

"మేడ్ ఫర్ కిడ్స్" గుర్తు చూసి మోసపోకండి. అది 2020 నుంచి అమల్లో ఉంది, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు సేకరించకూడదన్న అమెరికా చట్టం కోసం. ఎక్కువగా వీడియో తీసినవాళ్లే పెట్టుకుంటారు. మంచిదో చెడ్డదో దానికి సంబంధం లేదు. అలాగే ఓటీటీల్లో "యూ" అని ఉంటే ఎవరైనా చూడొచ్చని, "యూ/ఏ 7+" అంటే ఏడేళ్ల లోపు వాళ్లు పెద్దవాళ్లతో చూడాలని. రెండేళ్లవాళ్లకి అని విడిగా ఏ గుర్తూ లేదు, అంచేత "యూ" చూసి నిశ్చింతగా ఉండకూడదు. నెట్‌ఫ్లిక్స్‌లో కిడ్స్ ప్రొఫైల్ పెట్టుకున్నా "తర్వాతి ఎపిసోడ్ ఆటోప్లే" టిక్ విడిగా తియ్యాలి, చాలామంది అది మర్చిపోతారు.

కేబుల్ పిల్లల చానెల్ రెండేళ్లకి నేను పెట్టమనను. గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు, చిప్సు, చాక్లెట్లు. ఆ వయసులో కథ ఏదో ప్రకటన ఏదో తెలీదు. పైగా మనం కొలిచి ఎంచుకునే వీలు లేదు, వాళ్లు వేసిందే చూడాలి. కుషీ టీవీ, ఈటీవీ బాలభారత్ లాంటివి బడికెళ్లే వయసొచ్చాక చూడొచ్చు.

నెట్ ఆగిపోతుంటే పెన్‌డ్రైవ్ మంచిది. మీరే ఫోన్‌తో తీసిన వీడియోలు వేసుకోండి: మామ్మగారు పాడే జోలపాట, తాతగారు లెక్కపెట్టే మామిడికాయలు, పెరట్లో కోడిపిల్లలు. ఫోన్ అడ్డంగా పట్టుకుని, రెండు నిమిషాలకి మించకుండా తియ్యండి. కొన్ని కొత్త ఫోన్లు హెచ్.265 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో తీస్తాయి, పాత టీవీల్లో అది పెడితే మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. కెమెరా సెట్టింగుల్లో హెచ్.264కి మార్చాకే తియ్యండి. 1080లో నిమిషానికి సుమారు 130 ఎంబీ, అంటే 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో రెండు గంటల దాకా పడతాయి. టీవీ ప్లేయర్‌లో "రిపీట్" ఆపి ఉంచండి, లేకపోతే అవే తిరుగుతుంటాయి.

జవాబు 6: ప్లేస్కూల్ నడిపే అక్క, నరసన్నపేట

ఒక్క పేరు చెప్పి వదిలేయొద్దన్నారు, కొలత ఎలా వాడాలో చూపించడానికైనా కొన్ని పేర్లు చెప్పక తప్పదు.

పొకోయో 2005లో మొదలైన స్పెయిన్ షో, ఒక్కోటి ఏడు నిమిషాలు. వెనకాల అంతా తెల్లగా ఉంటుంది, తెర మీద రెండో మూడో వస్తువులు, ఒక్క కథకుడి గొంతు. రెండేళ్లకి అది చాలు, కళ్లకి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఆస్వాల్డ్ నెమ్మదిలో దానికీ అన్న, కాకపోతే ఎపిసోడ్ పొడవెక్కువ, సగంలో ఆపాల్సి వస్తుంది. పెప్పా పిగ్ ఐదు నిమిషాలు, ఇంట్లో జరిగేవే: జలుబు, బురదలో గెంతులు, తాతయ్య తోట. కథ బాగుంటుంది, బురద మాత్రం మీరే కడగాలి. బ్లూయీ చాలా గొప్ప షో, ఏడు నిమిషాలు, కానీ మాటలు వేగం, హాస్యం పెద్దవాళ్లది. నాలుగేళ్లు దాటాక తియ్యండి. ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లో తయారైనదే, 2008 నుంచి వస్తోంది. ప్రతి చిక్కుముడీ పిడిగుద్దుతోనే విడిపోతుంది కాబట్టి ఈ వయసులో వద్దు, మర్నాడే చెల్లి మీదో పిల్లి మీదో ప్రయోగిస్తారు.

అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి తీసిన మైటీ లిటిల్ భీమ్ వేరే సంగతి. పాకే వయసు భీముడు, మాటలు దాదాపు ఉండవు. పిక్కల లెక్కలో కొన్ని ఎపిసోడ్లు తప్పుతాయి, కాబట్టి ఒక్కొక్కటీ కొలిచి ఎంచుకోండి. దాని గొప్పంతా మాటల్లేకపోవడంలోనే ఉంది. మామ్మగారు పక్కన కూర్చుని "ఒరే, లడ్డూ ఎక్కడ దాచీసేడ్రా? బుట్ట కింద సూడు!" అని తన మాటల్లో చెప్పుకుంటూ పోవచ్చు. అప్పుడది సగం టీవీ, సగం మామ్మ కథ. ఆవిడ పక్కన లేకుండా పెడితే అంత విలువ లేదు. సాయంత్రం వంట హడావుడిలో అంతసేపు కూర్చోవడం ఆవిడకి కుదరదంటారా, ఏడు నిమిషాలు కూర్చుని మిగతా సమయానికి చపాతీ పిండి ముద్ద వాడికీ ఒకటి ఇమ్మనండి.

ఒకటే ఎపిసోడ్ మళ్లీ మళ్లీ అడుగుతాడు. విసుక్కోకండి, అది మంచిదే. బ్లూస్ క్లూస్ అనే అమెరికా షో 1996లో మొదలైనప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకే ఎపిసోడ్ వేసేవారు. మొదటిరోజు చూస్తారు, మూడోరోజు ముందే చెప్తారు, ఐదోరోజు తెరతో పాటు అరుస్తారు. వారానికి మూడు ఎపిసోడ్లు తిప్పితే చాలు.

జవాబు 7: అంగన్‌వాడీ టీచర్, రాజాం

ఆపేటప్పటి పేచీ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. "ఇంకో రెండు నిమిషాలే" అని ముందు హెచ్చరిస్తే మంచిదని అందరం అనుకుంటాం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు 2016లో ఐదేళ్ల లోపు పిల్లల ఇళ్లలో గమనిస్తే తేలింది తలకిందులు: ఆ హెచ్చరిక ఇచ్చినప్పుడే పేచీ ఎక్కువైంది. ఎపిసోడ్ తనంతట తాను అయిపోయినప్పుడూ, రోజూ అదే వేళకి ఆగే అలవాటున్నప్పుడూ గొడవ తక్కువ. మన ఊళ్లలో కరెంటు పోయినప్పుడు చూడండి, ఏ పిల్లాడూ అమ్మ మీద అలగడు. అమ్మ ఆపలేదని వాడికి తెలుసు.

కాబట్టి నిమిషాలు వదిలేసి ఎపిసోడ్లు లెక్కపెట్టుకోండి. ఏడు నిమిషాలవి రెండు. తెర మీద ముగింపు పాట రావాలి, రిమోట్ వాడి చేతికిచ్చి ఎర్ర బటన్ వాడి చేతే నొక్కించాలి. ఆ వెంటనే తర్వాతి పని సిద్ధంగా ఉండాలి. ఖాళీగా నిలబెడితే ఏడుపే. కుండీకి నీళ్లు పొయ్యడం, కుక్కకి రొట్టె ముక్క వెయ్యడం, ఏదైనా సరే, రోజూ ఒకటే పని. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తాడు. ఆ రోజుల్లో ఒక్కసారి మెత్తబడి మూడోది పెట్టారంటే, ఏడిస్తే వస్తుందని నేర్చేసుకుంటాడు, మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో నలుగురూ ఒక్క మాట మీద ఉండటమే కష్టం, ముఖ్యంగా తాతగార్లు.

చూసిన అరగంట తర్వాత పిల్లాణ్ణి గమనించండి. చూసినదాన్ని ఆటలోకి తెస్తుంటే, అంటే బాతులా నడవడం, గిన్నెని పడవ చెయ్యడం, ఆ షో ఉంచండి. దేనిమీదా నిలవకుండా విసిరికొట్టడం, ఊరికే చిరాకుపడటం మూడు రోజులు వరసగా కనిపిస్తే షో మార్చండి.

మళ్లీ బాబు అమ్మ

రాత్రి నాలుగు వీడియోలు కొలిచాను. రైమ్స్ రెండూ 31, 26. ఒక కథ 14. పొకోయో 6. కళ్లు మూసుకుని వింటే కథలో వెనకాల మ్యూజిక్ ఆగనే లేదు. పిక్కలు ఏరి అటకెక్కించాను, మొత్తం 40, లెక్క సరిపోయింది.

జవాబు 8: అంగన్‌వాడీ టీచర్, రాజాం

6 వచ్చింది ఉంచండి, 14 వచ్చింది వచ్చే ఏడాదికి. పొకోయోలోనే ఇంకో రెండు ఎపిసోడ్లు కొలిచి టిక్ పెట్టండి. ఒక ఎపిసోడ్ నెమ్మదిగా ఉందని అన్నీ అలాగే ఉండవు, పండగ పూట పార్టీ ఎపిసోడ్లు ఎందులోనైనా జోరే.